లద్దాఖ్ చారిటీ ట్రెక్: చందా డబ్బుతో మనం కొండెక్కొచ్చా?

గండిపేట గాలి · ఫిబ్రవరి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా ఆఫీసు గచ్చిబౌలిలో. ఒక ట్రస్టుతో కలిసి సెప్టెంబరులో లద్దాఖ్ ట్రెక్ పెడుతున్నారు, తలసీమియా (రక్తం సరిగ్గా తయారవని పుట్టుక జబ్బు) ఉన్న పిల్లల కోసం. లేహ్‌లో దిగి, మార్ఖా లోయ వెంట నడిచి, కొంగ్‌మారు లా అనే కనుమ దాటాలి. తర్వాత బండ్లలో నుబ్రా వెళ్లి హుందర్ ఇసుక దిబ్బల్లో ఆఖరి నడక. కొండా ఎడారీ ఒకే ట్రిప్పులో అని పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వేశారు.

షరతేమిటంటే ఒక్కొక్కరం లక్షన్నర విరాళాలు పోగుచేయాలి. మన టికెట్లు, గుడారాలు, గుర్రాలు, భోజనాలు అన్నీ అందులోంచే. మిగిలింది పిల్లలకు. మిగిలేది ఎంత అని అడిగితే "సగం పైనే ఉంటుందండీ" అన్నారు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు.

నాకు వెళ్లాలని చాలా ఉంది. కానీ మా పెద్దమ్మ దగ్గర కూర్చుని, పిల్లలకు రక్తం ఎక్కించడానికి అని ఐదు వేలు తీసుకుని, అందులో రెండు వేలు నా ఫ్లైట్ టికెట్‌కి పెట్టుకోవడానికి మనసొప్పట్లేదు. ఇలాంటివి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకో మాట, నేను ఎక్కిన పెద్ద కొండంటే తిరుమలే, అదీ అలిపిరి మెట్ల దారిలో.

కూకట్‌పల్లి కుర్రాడు · ఫిబ్రవరి 9, రాత్రి 11:15

నాదీ అదే ఆఫీసు, నేను పేరిచ్చేశా 😀 అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాళ్లకి లద్దాఖ్ ఓ లెక్కా అక్కా? రోజూ జిమ్. డబ్బు సంగతంటారా, వినాయక చవితికి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు గాలించి చందా వసూలు చేసిన చేతులివి.

లెక్కల మాస్టారు · ఫిబ్రవరి 10, ఉదయం 6:05

బాబూ, చందా మాట నువ్వే ఎత్తావు కాబట్టి అక్కడే మొదలెడతాను. మండపం చందా ఇచ్చేవాడికి ఆ డబ్బు మైకుకీ లడ్డూకీ డీజేకీ పోతుందని తెలుసు. తెలిసే ఇస్తాడు. తప్పు లేదు. ఈ ట్రెక్కులో ఇచ్చేవాడికి ఏం చెప్పి అడుగుతున్నారన్నదే అసలు ప్రశ్న. "నా ప్రయాణానికి కొంత, పిల్లలకు కొంత" అని చెప్పి అడిగితే నాకు అభ్యంతరం లేదు. అలా చెబితే ఎందరిస్తారో అది వేరే సంగతి.

నేను ఆడిట్ పనిలో తల నెరిపించుకున్నవాణ్ని. ఇలాంటి కార్యక్రమాలు పాశ్చాత్య దేశాల్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. సహారాకో, జోర్డానుకో తీసుకెళ్తారు. అక్కడా ఇదే గొడవ నడిచి, చివరికి చాలాచోట్ల రెండు దారులు పెట్టారు: ఖర్చంతా నువ్వే కట్టుకుని విరాళాలు విడిగా పోగుచేయడం ఒకటి, విరాళాల్లోంచే ఖర్చు తీసుకోవడం రెండోది. మొదటి దారి పట్టమ్మా. అప్పుడు మీ పెద్దమ్మ ముందు తలెత్తుకుని కూర్చోవచ్చు.

ఇక రసీదులు. ఎవరి డబ్బూ మీ ఫోన్‌పే, గూగుల్‌పేలోకి రానివ్వకండి. ట్రస్టు ఖాతా క్యూఆర్ పంపండి, సూటిగా అక్కడికే వెళ్లాలి. 80జీ రసీదు (విరాళానికి ఆదాయపు పన్ను తగ్గింపు ఇప్పించేది) ఇచ్చినవాళ్ల పేరు మీదే వస్తుంది, వాళ్ల పాన్ అడిగి తీసుకోండి. రెండు వేలు దాటిన నగదుకు మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి 80జీ అసలు వర్తించదు, ఆ ఆశ చూపించి అడగొద్దు. సాధారణంగా ఇలాంటి ట్రస్టులకు ఇచ్చినదాంట్లో సగమే తగ్గింపు, దానికీ ఆదాయంలో పది శాతం పరిమితి ఉంది. "మొత్తం ట్యాక్స్ వెనక్కొస్తుంది" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, అది అబద్ధం.

అన్నిటికన్నా ముఖ్యం, అమెరికా చుట్టాలు. మన హైదరాబాదులో ఎవరింట్లో లేరు కనుక. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసేసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా సరే. ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత వేరే మార్గం లేదు. "అన్నయ్య నా ఖాతాకి పంపాడు, నేను ట్రస్టుకి కట్టేశా" అంటే ట్రస్టు మెడకు చుట్టుకుంటుంది.

రాతిగుట్ట · ఫిబ్రవరి 10, ఉదయం 9:30

మాస్టారు చెప్పాక డబ్బు గురించి నేను చెప్పేదేం లేదు. నడక గురించి చెప్తా, మార్ఖా లోయ నేను తిరిగిన చోటే.

తమ్ముడూ, జర ఆగు. అలిపిరికీ దీనికీ సంబంధం లేదు. తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు. లేహ్‌లో విమానం దిగినప్పుడే 3,500 మీటర్ల ఎత్తులో ఉంటావు. హైదరాబాదు ఐదు వందల పైచిలుకు. పొద్దున శంషాబాద్‌లో ఇడ్లీ తిని, ఢిల్లీలో మారి, మధ్యాహ్నంలోపు మూడు వేల మీటర్లు పైకి పోతున్నావన్నమాట. కొంగ్‌మారు లా సుమారు 5,200 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో సగం పైన కొంచెం, అంతే.

దారి మాత్రం కష్టమైందేం కాదు. తాళ్లు, మంచు గొడ్డళ్లు అక్కర్లేదు. చిలింగ్ దగ్గర జంస్కార్ నది దాటి స్కియు, మార్ఖా, హంకర్, నిమాలింగ్. నది పక్కనే బాట, బార్లీ చేలు, ఊరి మొదట్లో తెల్లటి చోర్తెన్లు (బౌద్ధ స్తూపాలు). ఇప్పుడు లోయలోకి రోడ్డు కూడా తోసుకొస్తోంది, ఇంకొన్నేళ్లకు కింది భాగం నడక ఉంటుందో లేదో. పాత మిలిటరీ పారాచ్యూట్ గుడ్డలతో కట్టిన టీ గుడారాలు ఉంటాయి, మ్యాగీ దొరుకుతుంది. హంకర్ దాకా ఇళ్లలోనే బస చేయొచ్చు. దయచేసి ఆ ఇళ్లలోనే ఉండండి, ఆ డబ్బు ఊరివాళ్లకు పోతుంది. అన్ని ఊళ్లూ వదిలేసి మన గుడారాలు మనం వేసుకుని, సిటీ నుంచి తెచ్చిన బియ్యం వండుకుని వచ్చేస్తే ఆ లోయకు మన వల్ల మిగిలేది చెత్తే.

సెప్టెంబరు పెట్టడం మంచిదైంది. జూలై, ఆగస్టుల్లో మంచు కరిగి మార్ఖా నది పొంగుతుంది, చెప్పులేసుకుని దాటాల్సిన చోట్లుంటాయి. దాటేది ఏదైనా పొద్దున్నే దాటాలి. మధ్యాహ్నం ఎండకు కరిగిన నీళ్లు సాయంత్రానికి కిందికొస్తాయి, పొద్దున మోకాలి లోతున్నది తొడ దాకా వస్తుంది.

సైనిక్‌పురి సారు · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:20

వయసు 58. బీపీ ఉంది, మందులతో అదుపులోనే. రోజూ సఫిల్‌గూడ చెరువు చుట్టూ నడుస్తాను. ఏటా అరుణాచలం గిరిప్రదక్షిణ, 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. మా అబ్బాయి ఈ ఆఫీసులోనే, కుటుంబ సభ్యులు రావచ్చన్నాడు. నేను రావచ్చా? దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

డాక్టరమ్మ · ఫిబ్రవరి 10, రాత్రి 9:50

సార్, మీరు రావచ్చో లేదో మిమ్మల్ని చూసే డాక్టరు చెప్పాలి. బీపీ అదుపులో ఉన్నంత మాత్రాన ఆపేయాల్సిన పనైతే లేదు. ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకుని, ఎత్తు సంగతి స్పష్టంగా చెప్పి అడగండి.

అందరికీ కొన్ని మాటలు. కొండజబ్బుకి (ఎత్తులో ఆక్సిజన్ తక్కువై వచ్చేది) వయసుతో పని లేదు, జిమ్‌తో అసలు లేదు. ఎవరికొస్తుందో ముందు చెప్పలేం. కుర్రాళ్లకే ప్రమాదం ఎక్కువని నాకనిపిస్తుంది, ఎందుకంటే తలనొప్పి వచ్చినా చెప్పరు, అందరికన్నా ముందు నడవాలని చూస్తారు.

లేహ్‌లో కనీసం రెండు రాత్రులు, అంటే 48 గంటలు, విశ్రాంతి. మొదటి రోజు మార్కెట్ కూడా వద్దు, పడుకోండి. నీళ్లు, సూప్ తాగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. మూడు వేల మీటర్లు దాటాక, నిన్న పడుకున్న ఎత్తు కంటే ఈ రాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. ఇది కాగితం మీద రాసుకుని ట్రెక్ నడిపేవాళ్ల ప్లానుతో సరిచూడండి. హంకర్ దగ్గర దగ్గర 4,000, నిమాలింగ్ 4,700 పైన. ఆ ఒక్క రోజే లెక్క తప్పుతోంది. మధ్యలో థాచుంగ్‌సే దగ్గర ఒక రాత్రి ఆపమని అడగండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో అడగండి.

కొండజబ్బు రాకుండా డయామాక్స్ అనే మాత్ర వాడతారు. మోతాదు మీ డాక్టరే రాయాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పండి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా, కూల్‌డ్రింకులు చప్పగా ఉంటాయి, కంగారు పడొద్దు. మాత్ర వేసుకున్నాం కదా అని తొందరగా ఎక్కేయడం మాత్రం కుదరదు.

తలనొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం ఉంటే ఆ రోజు పైకి వెళ్లడం లేదు. తాగినవాడిలా తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు ఉన్నా వెంటనే దిగడమే, అర్ధరాత్రైనా సరే. వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె బాగుంది కదా అని ఆగొద్దు. ఇంకోటి, నిమాలింగ్‌లో బాగోలేకపోతే ముందుకు పోయే దారి ఐదు వందల మీటర్లు పైకే. కాబట్టి వెనక్కి హంకర్ వైపే దిగాలి. ఈ మాట గైడుతో ముందే అనుకోండి.

మస్కట్ మామ · ఫిబ్రవరి 11, రాత్రి 12:30

కొండల గురించి నాకేం తెలియదు కానీ ఇసుక మీద కొంత అధికారం ఉంది, ఒమన్‌లో జుట్టు ఊడగొట్టుకున్నాను. హుందర్ దిబ్బలు చూసి ఎడారి అంటే ఇక్కడి వాహిబా ఇసుక నవ్వుతుంది. అవి గంటలో తిరిగొచ్చేంతే. కానీ అసలు ఎడారి ఆ దిబ్బలు కాదు, లద్దాఖ్ మొత్తం ఎడారే. లేహ్‌లో ఏడాది పొడవునా కురిసేది వంద మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మన హైదరాబాదులో ఒక్క గట్టి వానకు మూసారాంబాగ్ వంతెన మునిగే రోజున అంత పడుతుంది. అలాగని అక్కడ వానంటే భయం లేదనుకోకండి, 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన వానకు లేహ్‌లో ఊళ్లే కొట్టుకుపోయాయి. వాగు ఒడ్డున గుడారం వద్దు.

చలి ఎడారిలో మోసం ఏమిటంటే చెమట కనబడదు. ఇక్కడ ఎండలో చొక్కా తడుస్తుంది కాబట్టి నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. అక్కడ గాలే తాగేస్తుంది. పెదాలు పగిలాక గానీ తెలియదు. ఇసుకలో గాలి వీచే వైపు గట్టిగా ఉంటుంది, శిఖరం అంచు వెంబడే నడవండి. అవతలి వైపు జారుడు, రెండడుగులేస్తే ఒకటి వెనక్కి. పొద్దున్నే నడవండి, మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. ముక్కూ నోరూ కప్పడానికి మన గళ్ల తువ్వాలే మేలు. ఖరీదైన బఫ్‌లు (మెడకు తొడిగే గొట్టం గుడ్డలు) కొనకండి.

ఎర్ర డబ్బా · ఫిబ్రవరి 11, ఉదయం 11:00

నేను ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మా అమ్మాయికి తలసీమియా మేజర్, ఎనిమిదో క్లాసు. అందుకని రాస్తున్నాను.

మీరంతా "పిల్లల కోసం" అంటున్నారు గదా, డబ్బు ఎక్కడికి పోతుందో చెప్తాను. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, గుండె, కాలేయం పాడవుతాయి. దాన్ని బయటికి పంపే మందు రోజూ వేసుకోవాలి. పొద్దున పరగడుపున గ్లాసు నీళ్లలో మాత్ర వేసి కలిపితే తెల్లగా మడ్డిలా అవుతుంది, అడుగున మిగిలిన పొడిలో మళ్లీ కొంచెం నీళ్లు పోసి అదీ తాగించాలి. రక్తం దొరకడం ఒక యుద్ధం, ఈ మాత్ర ప్రతి పొద్దునా తాగించడం ఇంకో యుద్ధం. రక్తం గురించి అందరూ మాట్లాడతారు, మాత్ర ఖర్చు ఎవరూ అడగరు. మీరు పోగుచేసేది దేనికి అని ట్రస్టును అడగండి. ఆ మందులకూ పరీక్షలకూ అయితే సంతోషం.

మీరు కొండెక్కితే నాకేం బాధ లేదు. సరదాగా వెళ్లండి. రెండు కోరికలు. ఒకటి, పిల్లల ఫొటోలు పోస్టర్ల మీద వేయొద్దు. మా అమ్మాయికి స్నేహితులున్నారు, బడి ఉంది. రెండోది, డబ్బు అడిగేటప్పుడు హెచ్‌బీఏ2 టెస్టు (తలసీమియా క్యారియరా, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు మోస్తున్నారా అని చూసే రక్తపరీక్ష) సంగతి కూడా చెప్పండి. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం పాతిక శాతం. క్యారియర్లకు పెద్దగా ఇబ్బందేం ఉండదు, అందుకే ఎవరూ చేయించుకోరు. జాతకాలు చూపించుకుంటాం, ఒక్క రక్తపరీక్ష చేయించుకోం. మాకు తెలిసింది పాప పుట్టాకే.

గండిపేట గాలి · ఫిబ్రవరి 11, రాత్రి 8:15

అక్కా, మీరు రాసింది యథాతథంగా (పేరు లేకుండా) మా గ్రూపులో పెట్టొచ్చా?

ఎర్ర డబ్బా · ఫిబ్రవరి 11, రాత్రి 8:40

పెట్టమ్మా.

బోరబండ · ఫిబ్రవరి 12, ఉదయం 7:10

అందరూ "సొంత ఖర్చుతో వెళ్లండి" అంటున్నారు. వినడానికి బాగుంది. నేను అదే ఆఫీసులో ఫెసిలిటీస్‌లో, మీరు బ్యాడ్జి కొట్టి లోపలికొచ్చే చోట ఉంటాను. టికెట్లు, గుడారం, బూట్లు కలిపి నా రెండు నెలల జీతం పైమాటే. విరాళాల్లోంచి ఖర్చు అన్నప్పుడు నాలాంటోడు కూడా పేరిచ్చాడు. ఇప్పుడు మీరు నీతిగా ఉంటే నేను ఇంట్లో ఉండాలి.

లెక్కల మాస్టారు · ఫిబ్రవరి 12, ఉదయం 7:45

సరైన మాట. దీనికి నా దగ్గర చేతిలో జవాబు లేదు. కంపెనీ భరించాలి అనేది ఒకటే తోస్తోంది. ప్రచారం వాళ్లకే కదా వస్తోంది.

కూకట్‌పల్లి కుర్రాడు · ఫిబ్రవరి 12, ఉదయం 10:00

లేదా మొత్తం ట్రెక్ మానేసి ఆ డబ్బు పిల్లలకే ఇచ్చేస్తే? జోక్ కాదు, మా నాన్న అడిగాడు. "నువ్వు కొండెక్కితే నేనెందుకురా డబ్బివ్వాలి" అని.

రాతిగుట్ట · ఫిబ్రవరి 12, ఉదయం 10:20

మీ నాన్న ట్రెక్ లేకపోతే ఇచ్చేవాడా?

కూకట్‌పల్లి కుర్రాడు · ఫిబ్రవరి 12, ఉదయం 10:22

లేదు 😀

గండిపేట గాలి · మార్చి 3, రాత్రి 9:00

తాజా సంగతి. గట్టిగానే మాట్లాడాం. ఖర్చు, విరాళం రెండు వేర్వేరు ఖాతాలు అయ్యాయి. ప్రయాణ ఖర్చులో ఉద్యోగులది సగం కంపెనీ భరిస్తుంది. ఫెసిలిటీస్, సెక్యూరిటీ, క్యాంటీన్ నుంచి పేరిచ్చినవాళ్లకు పూర్తిగా. దీనికి ఒప్పుకోవడానికి మూడు మీటింగులు పట్టాయి, వాటిలో పడ్డ మాటలు ఇక్కడ రాయను. లక్ష్యం లక్షన్నర నుంచి యాభై వేలకు తగ్గించారు, అది మొత్తం మందులకూ పరీక్షలకే. పోస్టరు మార్చారు, పిల్లల ఫొటో పోయి కొండ ఫొటో వచ్చింది. లద్దాఖ్ రాలేనివాళ్లకు అదే వారం అనంతగిరిలో ఒక రోజు నడక పెడుతున్నాం.

ఇక ట్రైనింగ్. రాతిగుట్ట అన్నా, ఎక్కడ మొదలెట్టాలి?

రాతిగుట్ట · మార్చి 4, ఉదయం 6:30

ఎండలు ముదరకముందే మొదలెట్టండి. వారంలో మూడు రోజులు మామూలు నడక, మెట్లు. ఆఫీసు లిఫ్టు మానేయండి, పదంతస్తులుంటే రోజూ ఎక్కండి. ఆదివారం పొద్దున ఐదున్నరకు ఖాజాగూడ గుట్టలు. అక్కడి బండల మీద కాలు ఎక్కడ పెట్టాలో కళ్లకు అలవాటు పడుతుంది, ట్రెడ్‌మిల్ అది నేర్పదు. గోల్కొండలో బారాదరి దాకా ఎక్కి దిగడం రెండుసార్లు. ఒక్కసారి భువనగిరి కోట కూడా. ఒకే బండ మొత్తం కొండ, నీడ ఉండదు, పొద్దున ఎనిమిదికల్లా దిగిపోవాలి. మాలావత్ పూర్ణ, ఆనంద్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు కదా, వాళ్లు తాడు పట్టడం నేర్చుకున్నది ఈ బండ మీదే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

సంచిలో బరువుకు నీళ్ల సీసాలు పెట్టుకోండి. ఐదు లీటర్లంటే ఐదు కిలోలు. పైకెక్కాక ఆ నీళ్లు చెట్లకు పోసేసి ఖాళీ సంచితో దిగండి. మోకాళ్లు పాడయ్యేది దిగేటప్పుడే.

బూట్లు ఇప్పుడే కొనండి, ఆగస్టులో కాదు. సాయంత్రం పూట, ట్రెక్‌లో వేసుకునే మందం సాక్సుతో వెళ్లి చూడండి. వేలి ముందు ఒక వేలంత ఖాళీ ఉండాలి, లేకపోతే కొంగ్‌మారు లా దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడి ఊడుతుంది. వెళ్లే ముందు గోళ్లు కత్తిరించుకోండి. బొబ్బ లేచాక కాదు, మడమ వెనక వేడిగా అనిపించగానే ఆగి టేపు వేయాలి. గ్రూపు ఆగుతుందేమో అని మొహమాటపడకండి, ఆగాలి.

గండిపేట గాలి · మార్చి 4, ఉదయం 9:15

ఆడవాళ్లు పన్నెండు మంది ఉన్నాం. బాత్రూమ్ సంగతి ఎవరూ చెప్పట్లేదు. అక్కలెవరైనా?

డాక్టరమ్మ · మార్చి 4, మధ్యాహ్నం 2:40

నేను చెప్తాను. ఊళ్లలో పొడి మరుగుదొడ్లు ఉంటాయి. మేడ మీద గదిలో నేలకు కన్నం, పక్కన మట్టి కుప్ప, పార. పని అయ్యాక ఒక పార మట్టి వేయాలి. నీళ్లు పోయకూడదు, అది ఎరువు అయి చేలకు పోతుంది. వాసన మనం భయపడినంత ఉండదు. పైన శిబిరాల్లో గుడారం వేసి గుంట తీస్తారు. నీళ్లు తాగితే లేవాల్సొస్తుందని తాగడం మానేస్తారు చాలామంది, అదీ తలనొప్పికి ఒక కారణం. తలకు లైటు పెట్టుకుని ఇద్దరిద్దరు కలిసి వెళ్లండి. నెలసరి ఎత్తులో ముందూ వెనకా కావొచ్చు, తేదీ కాదు కదా అని ప్యాడ్లు వదిలేసి వెళ్లొద్దు. వాడినవి అక్కడ పూడ్చొద్దు, కవరులో కట్టి లేహ్‌కి వెనక్కి తేవాలి.

కూకట్‌పల్లి కుర్రాడు · ఆగస్టు 18, సాయంత్రం 6:00

ఒక ఐడియా. బయల్దేరే ముందు రోజు టీమ్ మొత్తం రక్తదానం చేసి, ఆ ఫొటోతో ఫ్లైట్ ఎక్కితే? తలసీమియాకి అంతకన్నా ఏం కావాలి?

డాక్టరమ్మ · ఆగస్టు 18, సాయంత్రం 6:20

వద్దు నాన్నా! రక్తంలో ఆక్సిజన్ మోసే ఎర్ర కణాలు ఇచ్చేసి, ఆక్సిజన్ లేని చోటికి వెళ్తావా? తగ్గిన హిమోగ్లోబిన్ పూర్తిగా కోలుకోవడానికి వారాలు పడుతుంది. తిరిగొచ్చాక ఇవ్వండి.

ఎర్ర డబ్బా · ఆగస్టు 18, రాత్రి 7:05

తిరిగొచ్చాక కాదు, ఏప్రిల్, మే నెలల్లో ఇవ్వండి. కాలేజీలకు సెలవులిస్తే క్యాంపులుండవు, అప్పుడే మాకు దొరకదు. క్యాలెండర్‌లో ఇప్పుడే రాసుకోండి.

సైనిక్‌పురి సారు · ఆగస్టు 30, ఉదయం 8:00

డాక్టరు సరేనన్నారు. ఇన్సూరెన్స్ కాగితం చదివితే "సాహస క్రీడలు మినహా" అని ఉంది, ఎత్తు పరిమితి విడిగా. వేరేది తీసుకున్నాను. అందరూ చూసుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి. మా ఆవిడ సకినాలు, పల్లీ చిక్కీ చేసింది. ఆవకాయ మాత్రం విమానం ఒత్తిడికి మూత పొంగి సంచంతా నూనె చేస్తుంది, వద్దన్నాను. వినలేదు.

గండిపేట గాలి · సెప్టెంబరు 24, రాత్రి 9:30

వచ్చేశాం. అందరం క్షేమం. ఒకరు కనుమ దాటలేదు, ఎవరో వాళ్లే చెప్తారు.

నేను రెండు చోట్ల గురించే రాస్తాను. ఒకటి నిమాలింగ్. చెట్టన్నది లేని పచ్చిక మైదానం, ఎదురుగా కాంగ్ యాత్సే మంచు శిఖరం, గుర్రాల మధ్య బొద్దుగా మార్మట్లు (పెద్ద ఉడుతల్లాంటివి) తిరుగుతుంటాయి. రాత్రి వంట గుడారంలో పప్పు ఉడకలేదు. ఆ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయట. కుక్కర్ వాషర్ సరిగ్గా పట్టక ఆవిరంతా పోతోంది. బోరబండ అన్న వాషర్ తీసి, గోధుమ పిండి కలిపి అంచు చుట్టూ పూసి మూత బిగించాడు. మూడో విజిల్‌కి గుడారంలో ఉన్నవాళ్లంతా చప్పట్లు. సారు గారి ఆవకాయ (కారింది, నిజమే) ఆ పప్పులోకి ఎలా ఉందో చెప్పలేను.

రెండోది కనుమ ఎక్కిన పొద్దు. ఐదింటికి బయల్దేరాం. గైడ్ దోర్జే గారు అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టారు, ఎవరూ వాళ్లను దాటకూడదు. అంటే సైనిక్‌పురి సారు ముందు, మేం వెనక. పది అడుగులు, ఆగడం, మళ్లీ పది. మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. పైన రంగు జెండాలు కనబడ్డాక కూడా గంట పట్టింది.

తర్వాత ఖార్దుంగ్ లా మీదుగా నుబ్రా. అక్కడ బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని ఉండేది, నిజానికి 5,359 మీటర్లు, అంటే 17,582 అడుగులే. ఫొటో మాత్రం అందరూ బోర్డుతోనే దిగారు. హుందర్‌లో రెండు మూపురాల ఒంటెల దగ్గర క్యూ, మేం దిబ్బల వెనక వైపు నడిచాం. మామా, మీరు చెప్పింది నిజం, గంటలో అయిపోయింది. గాలి మాత్రం పళ్ల మధ్య ఇసుక పెట్టి పంపింది.

కూకట్‌పల్లి కుర్రాడు · సెప్టెంబరు 24, రాత్రి 10:10

ఆ ఒకణ్ని నేనే. నిమాలింగ్ చేరాక తల పగిలిపోతోంది, తాగిన టీ కూడా నిలవలేదు. గైడ్ మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవమన్నాడు, నాలుగో అడుగుకే పక్కకు పోయా. ఇంకేం మాట్లాడనివ్వలేదు. రాత్రి ఎనిమిదింటికి ఇద్దరు తోడొచ్చి గుర్రం మీద హంకర్ దించారు. దిగేకొద్దీ తల తేలికైంది, పొద్దున్నే మూడు రొట్టెలు తిన్నా. కనుమ మీద నా బదులు సారు గారు ఫొటో దిగి పంపారు, మా నాన్న అది ఫ్రేమ్ కట్టిస్తానంటున్నాడు, నన్ను ఏడిపించడానికి.

సైనిక్‌పురి సారు · సెప్టెంబరు 25, ఉదయం 6:15

నేను గొప్పగా ఎక్కానని అనుకోకండి. నన్ను ముందు పెట్టడం వల్ల ఎవరినీ అందుకోవాల్సిన అవసరం రాలేదు, అంతే. అబ్బాయి నా వెనకే ఉన్నాడు, ఒక్కసారి కూడా "నాన్నా, పదండి" అనలేదు. ఇంట్లో రోజుకు పదిసార్లు అంటాడు.

లెక్కల మాస్టారు · సెప్టెంబరు 27, ఉదయం 6:00

అందరికీ శుభం. ట్రస్టువాళ్లు లెక్క పంపారు, నేనూ చూశాను. వచ్చిన విరాళాలు 19,40,500 రూపాయలు. ప్రయాణ ఖర్చు ఇందులో ఒక్క రూపాయి లేదు. కంపెనీ దానికి సమానంగా వేస్తానన్నది ఇంకా రాలేదు, వచ్చాక రాస్తాను. మందుల కొనుగోలు బిల్లులు మూడు నెలలకోసారి చూపిస్తామన్నారు, జనవరిలో నేను అడుగుతాను.

ఒక చిక్కుంది. పదకొండు మంది దాతల పాన్ నంబర్లు రాలేదు. అవి లేక వాళ్ల 10బీఈ సర్టిఫికెట్లు (పన్ను తగ్గింపుకు చూపాల్సిన విరాళ పత్రాలు) ఆగిపోయాయి. వాళ్లలో ఇద్దరు ఈ వేదికలోనే ఉన్నారు. పేర్లు రాయను. ఈ రాత్రికల్లా ట్రస్టుకు మెయిల్ చేయండి.

మస్కట్ మామ · సెప్టెంబరు 27, ఉదయం 9:40

మాస్టారూ, ఒకడిని నేనే. పంపేశాను. ఇండియన్ పాస్‌పోర్టే, భయపడకండి.

బోరబండ · సెప్టెంబరు 27, మధ్యాహ్నం 1:05

అద్దెకు తెచ్చిన స్లీపింగ్ బ్యాగులు నా దగ్గర నాలుగు ఉన్నాయి, సోమవారం తిరిగివ్వాలి. ఒకదాంట్లో ఎవరిదో ఊలు టోపీ, సగం సకినాల పొట్లం ఉన్నాయి. టోపీ గేటు దగ్గర ఇచ్చేస్తా. సకినాలు లేవు.